నాలుగు వాడలు, ఒక్క బతుకమ్మ: చెరువు దగ్గర ఆరడుగులది పేర్చడం ఎట్లా?

‘చెరువుకట్ట’ అనే పేరుతో ఒకామె అడిగిన ప్రశ్న (ఆ కింద ఎవరి పేరుతో వాళ్ళ జవాబులు)

ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో చిన్న మున్సిపాలిటీ మాది. ఈసారి సద్దుల నాడు, అంటే బతుకమ్మ పండగ ఆఖరి తొమ్మిదో రోజు, నాలుగు వాడల ఆడవాళ్ళం కలిసి ఒక పెద్ద బతుకమ్మ పేర్చాలని అనుకుంటున్నం. ఎత్తు 6 అడుగులు, అడుగున వెడల్పు 4 అడుగులు. ఇళ్ళల్లో ఎవరి బతుకమ్మ వాళ్ళు పేర్చుకుంటరు, అది మానేది లేదు. ఇది ఊరందరిదీ. ఒక్క సాయంత్రం నిలబడి, రాత్రికి నీళ్ళల్లో కలిసిపోవాలి.

తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. లోపల ఆధారం దేనితో కట్టాలి? పూలు ఎన్ని కావాలి, ఏ రోజు ఏది తేవాలి? తెల్లటి గునుగు పూల కంకులకు చెరువును పాడుచేయని రంగు ఏది? వాడల నుంచి చెరువు దాకా దారిలో కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నయి, ఇంత ఎత్తుది ఎట్లా తీసుకపోవాలి? అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఏ వాడ ఏ పని చేయాలన్నది.

వెదురుగంప

అక్కా, ముందు ఒక మాట. తాంబాలంలో గుమ్మడాకు పరిచి, వరుస మీద వరుస పేర్చి, నడుమ ఆకులు, తరిగిన కాడలు కూరుకుంటూ పోయే పద్ధతి రెండు రెండున్నర అడుగుల దాకే నిలుస్తుంది. ఆ పైన లోపలి ఆకులు వాడి కుంగుతాయి. కుంగిన వైపుకు మొత్తం ఒరుగుతుంది. పొద్దున పేర్చింది సాయంత్రానికి పక్కకు వాలడానికి కారణం పూల బరువు కాదు, నడుమ కూరిన ఆకు అణగడం. కాబట్టి 6 అడుగులకు లోపల గట్టి ఆధారం ఉండాల్సిందే.

ఇనుప చట్రం వద్దు. బరువు, పైగా వరుస వరుసకూ బైండింగ్ వైరు కట్టాల్సి వస్తుంది, ఆ ముక్కలన్నీ చివరికి చెరువులో పడి కాళ్ళకు గుచ్చుకుంటాయి. మేదరివాళ్ళ దగ్గర నాలుగు గంపలు అల్లించుకోండి. కిందా మీదా రెండు వైపులా తెరిచి ఉండాలి, బోర్లించిన గంపలా పైకి సన్నబడాలి. ఒక్కోటి అడుగు ఎత్తు. కొలతలు ఇవి: మొదటిది కింద 40 అంగుళాలు, పైన 32. రెండోది 32, 24. మూడోది 24, 16. నాలుగోది 16, 8. మీరు అడిగింది 48 అంగుళాల వెడల్పు కదా, గంప 40 ఎందుకంటే పూల కంకులు గంప బయటికి నలువైపులా 4 అంగుళాలు నిలుస్తాయి. ఈ లెక్క మరిచి 48కే గంప అల్లిస్తే పూలు పెట్టాక 56 అవుతుంది. ఎత్తు మారదు, వెడల్పే పెరిగి మొద్దుగా కనబడుతుంది.

మామూలు గంప అల్లిక బిగువుగా ఉంటుంది, కాడ దూరదు. బొటనవేలు దూరేంత సందులు వదలమని ముందే చెప్పండి. అంతకన్నా వెడల్పైతే కట్టలు లోపలికి జారిపోతాయి.

నాలుగు గంపలు కలిపి 4 అడుగులు. ఆ పైన చివరి 2 అడుగులకు చట్రం వద్దు. 16 అంగుళాల తాంబాలంలో, ఇంట్లో పేర్చినట్టే, ఉత్త పూలతో, ఉత్త చేతులతో ఒక బతుకమ్మ పేర్చి ఎక్కించండి. పసుపుతో చేసిన గౌరమ్మ కూర్చునేది దాని మీదే, నీళ్ళల్లోకి వెళ్ళేదీ అదే. కింది నాలుగు గంపలూ దానికి పీఠం అనుకోండి.

నిలబెట్టడానికి నాలుగున్నర అడుగుల చదరపు చెక్క పీట, దాని నడుమ 3 అంగుళాల లావు సర్వి బాదు, పీట పైన 4 అడుగుల ఎత్తు. బాదు మొదట్లో నాలుగు వైపులా ఏటవాలు ఊతలు కొట్టించండి. ప్రతి గంప పై అంచులో రెండు అడ్డకట్టెలు కూడలిగా కట్టి, నడుమ బాదు దూరేంత సందు ఉంచాలి. గంప దించాక ఆ సందులో చెక్క చీల కొట్టి బిగించాలి. చీల కొట్టకపోతే ఒక్కో గంప అర అంగుళం ఊగుతుంది, నాలుగూ కలిస్తే పైన తాంబాలం రెండు అంగుళాలు ఊగుతుంది. చివరగా బాదు తల మీద 14 అంగుళాల గుండ్రటి చెక్క పలక. దాని అడుగున బాదు తల కూర్చునేలా గుంట తొలిపిస్తే మేకు అక్కర్లేదు.

ఇక తీగల సంగతి. దీన్ని వాడలో పూర్తి చేసి మోసుకురావద్దు. పూలు, గంపలు, పీట కలిపి దాదాపు 80 కిలోలు అవుతుంది, ట్రాక్టర్ ట్రాలీ ఎక్కిస్తే నేల నుంచి తొమ్మిది పదడుగుల ఎత్తు. వీధి అడ్డంగా దాటే మెయిన్ లైను నియమం ప్రకారం 5.8 మీటర్ల ఎత్తులో ఉండాలి, దానితో ఇబ్బంది లేదు. స్తంభం నుంచి ఇళ్ళలోకి లాగిన సర్వీసు తీగలే కిందికి జారి ఉంటాయి. కర్రతో ఎత్తి పట్టడం లాంటివి ఎవరినీ చేయనివ్వకండి, ప్రాణాలు పోతాయి. ఏ వాడ గంప ఆ వాడ నుంచి విడిగా, నలుగురు పట్టుకుని రావాలి. చెరువు దగ్గరే, అందరి ముందూ, ఒకదాని మీద ఒకటి ఎక్కించాలి. పీటతో కలిపి నాలుగున్నర అడుగుల ఎత్తే కాబట్టి నిచ్చెన అక్కర్లేదు, ఆడవాళ్ళే నిలబడి ఎక్కించొచ్చు. పావుగంట పని.

నా మాట అడిగితే మీ పండగలో చూడాల్సిన ఘడియ అదే. పూర్తయిన బతుకమ్మను చూడడం వేరు, నాలుగు దారుల నుంచి నాలుగు ముక్కలు వచ్చి కళ్ళ ముందు ఒకటి కావడం వేరు.

కట్ట మీద గాలి ఉంటుంది. పీట నాలుగు మూలలా 25 కిలోల ఇసుక బస్తాలు నాలుగు పెట్టి పైన మోదుగాకు కప్పండి.

గునుగుచేను

పూల లెక్క నేను చెప్తాను. నాలుగు గంపల మీదా పూత పరుచుకునే జాగా సుమారు 35 చదరపు అడుగులు. మొదటి గంపకు 12, రెండోదానికి 10, మూడోదానికి ఏడున్నర పైన, నాలుగోదానికి ఐదున్నర. చదరపు అడుగుకు రెండంగుళాల కట్టలు 36 పడతాయి. సగం జాగా గునుగు, సగం బంతి అనుకుంటే గునుగు కట్టలు 640 దాకా. కట్టకు 12 కంకులు. అంటే ఏడున్నర వేల పైన కంకులు. పెద్ద సంఖ్యే, కానీ పత్తి చేన్లలో, కంది చేన్లలో ఈ రోజుల్లో గునుగుకు కొదవ ఉండదు, రైతుకు అది కలుపే. అడిగి కోసుకోండి, పత్తి కొమ్మలు విరగకుండా.

బంతి పువ్వు రెండంగుళాలది 640 చాలు, అంటే సుమారు 5 కిలోలు. చితికినవి, రాలినవి పోగా 8 కిలోలు తెచ్చుకోండి.

గునుగు ముందు రోజుల్లో కోసినా తట్టుకుంటుంది, దాని పువ్వు కాగితంలా పొడిగా ఉంటుంది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఎవరూ పేర్చరు కాబట్టి చేతులు ఖాళీ. ఆ రోజు కోత పెట్టుకోండి. ఏడో రోజు రంగు, ఎనిమిదో రోజు ఆరబెట్టి కట్టలు కట్టడం. బంతి ఎనిమిదో రోజు సాయంత్రం. ప్లాస్టిక్ సంచిలో మూట కట్టిన బంతి రాత్రికి రాత్రి లోపల వేడెక్కి నల్లబడుతుంది. గోనెసంచి మీద పలుచగా పరిచి తడిబట్ట కప్పండి.

తంగేడు మాత్రం తొమ్మిదో రోజు పొద్దున్నే. ముందు కోసి పెట్టుకోవడానికి ఆ పువ్వు ఒప్పుకోదు. రేకలు మధ్యాహ్నానికే వదులవుతాయి. తాజాగా ఉంచుదామని నీళ్ళు చల్లితే ఇంకా తొందరగా రాలతాయి. తంగేడును గంపలకు పెట్టొద్దు, మోసుకొచ్చే కుదుపుకే సగం పోతుంది. పైన తాంబాలం బతుకమ్మలోనే పెట్టండి. తంగేడు లేకుండా బతుకమ్మ లేదు కాబట్టి అక్కడ మాత్రం వెలితి రానివ్వకండి.

రంగు. అంగట్లో దొరికే గులాబీ, పచ్చ పొడులు మెరుస్తాయి, నిజమే. కానీ అవన్నీ నీళ్ళల్లోకే పోతాయి. 5 లీటర్ల నీళ్ళల్లో 100 గ్రాముల పసుపు వేసి మరగబెట్టి, దించాక కంకుల తలలు రెండు నిమిషాలు ముంచండి. చన్నీళ్ళల్లో ముంచితే పట్టదు, కంకి మీద నీటి బొట్లు జారిపోతాయి. ఎరుపుకు అదే పసుపు నీళ్ళల్లో గోళీకాయంత సున్నం కలపండి, కాళ్ళకు పెట్టుకునే పారాణి రంగు వస్తుంది. సున్నం ఎక్కువైతే ఆరాక కంకి మీద తెల్లటి పొడి తేలుతుంది. ఈ ఎరుపు రెండు రోజులకు మళ్ళీ పసుపు వైపు తిరుగుతుంది, అందుకని ఎర్ర కట్టలు ఎనిమిదో రోజు పొద్దున ముంచి రాత్రికల్లా ఆరబెట్టాలి. ముంచినవి తలకిందులుగా నీడన వేలాడదీయండి. తడిగా ఉండగానే సంచిలో కుక్కితే బూజు.

పసుపు, ఎరుపు, అసలు తెలుపు, ఈ మూడూ గునుగుతో. ముదురు ఎరుపుకు పట్టుకుచ్చులు, నీలానికి కట్లపూలు, ఆకుపచ్చకు ఆకులే. ఇంకో రంగు కావాలనిపిస్తే ఇంకో పువ్వు వెతకండి.

కాడలు 6 అంగుళాలకు ఒకేలా కోసి, 2 అంగుళాలు లోపలికి, 4 బయటికి. కట్టు పురికొసతోనే. గంపను నాలుగు ఇటుకల మీద పెట్టి కింది వరుస నుంచి మొదలుపెట్టండి, పై వరుస కంకులు కింది వరుస కట్టును కప్పేస్తాయి. కాడ లోపలికి కొంచెం కిందికి వాలాలి. పైకి వాలితే నడిచేటప్పుడు ఒక్కొక్కటే జారి పడుతుంది. సందు వదులుగా అనిపిస్తే ఆముదపాకు మడిచి పక్కన కూరండి. బంతికి మూడంగుళాల కాడ ఉన్నది చూసి తీసుకోండి. కాడ లేని బంతి వస్తే దండ గుచ్చి గంప చుట్టూ చుట్టడమే దారి.

పాతపద్ధతి

ఇంత లెక్క చూస్తుంటే నాకు ఒక సందేహం. గంపలు, బాదులు పెట్టి కట్టింది బతుకమ్మ అవుతుందా? ఎత్తు పోటీ మొదలైతే పక్క ఊరు 10 అంటుంది, ఆ పక్కది 20 అంటుంది. చివరికి ఫొటో కోసం ఒకటి నిలబడి, ఇంట్లో చిన్నపిల్ల తల్లి పక్కన కూర్చుని పేర్చుకునే తోడు బతుకమ్మ మాయమవుతుంది.

ఉయ్యాలపాట

పాతపద్ధతి గారూ, మీ భయం సరైందే, అందుకే జవాబు కొంచెం వివరంగా రాస్తున్నా. బతుకమ్మకు పూజారి లేడు, మంత్రం లేదు. పూలు, పాట, నీళ్ళు, పసుపు గౌరమ్మ, ఇంతే. ఊరూరికీ తేడాలున్నాయి. వేములవాడలో ఏడో రోజుకే సద్దులు చేస్తారు, హనుమకొండలో వేయిస్తంభాల గుడి దగ్గర మొదటి రోజు ఎంగిలిపూల నుంచే జనం నిండుతారు. దీనికి ముందు ఆడే బొడ్డెమ్మను పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా కడతారు, అక్కడా ఆధారం ఉన్నట్టే కదా. పైన ఉత్త పూల బతుకమ్మ, దాని మీద గౌరమ్మ ఉన్నాక కింది గంపల గురించి నాకు పట్టింపు లేదు. ఎత్తు మాత్రం 6 దాటనివ్వకండి. నిచ్చెన వేసుకుని మగవాళ్ళు ఎక్కి పేర్చే ఎత్తు వచ్చిన రోజు అది ఆడవాళ్ళ చేతిలోంచి పోయినట్టే.

ఇంటి బతుకమ్మలు మాయం కాకూడదంటే వాటికి జాగా ముందే గీసి పెట్టాలి. పీట చుట్టూ ముగ్గుపిండితో మూడు వలయాలు గీయండి. నడుమ నుంచి మూడున్నర అడుగులు, 5 అడుగులు, ఆరున్నర అడుగుల దూరంలో. ఒక్కో తాంబాలానికి అడుగున్నర వదిలితే 14, 20, 27, మొత్తం 61 బతుకమ్మలు కూర్చుంటాయి. పిల్లల తోడు బతుకమ్మలకు లోపలి వలయం ఇవ్వండి. వెనక పెడితే కాళ్ళ కింద పడతాయి.

ఆడేవాళ్ళ వలయాలు 10, 14, 18, 22 అడుగుల దూరంలో. వంగి చప్పట్లు కొట్టడానికి మనిషికి రెండున్నర అడుగులు కావాలి. అలా 25, 35, 45, 55 మంది, కలిపి 160. స్థలం అడ్డంగా 50 అడుగులు ఉండాలి, నీటి వైపు అంచు నుంచి ఇంకో 10 అడుగులు వదలండి. అన్ని వలయాలూ ఒకే వైపు తిరగాలని ముందే అనుకోండి. ఎదురెదురు తిరిగితే నీళ్ళకు బయల్దేరేటప్పుడు తోపులాట అవుతుంది.

పాట దగ్గర జరిగే తప్పు ఒకటుంది. చెప్పే ఆమె లోపలి వలయంలో ఉంటుంది. "ఉయ్యాలో" అని అందుకునే గొంతు నాలుగో వలయంలో అర చప్పట్టు ఆలస్యంగా వస్తుంది, కాసేపటికి రెండు పాటలు నడుస్తున్నట్టుంటుంది. మూడో వలయంలో గట్టి గొంతున్న ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, వాళ్ళు లోపలి ఆమె చేతులను చూసి అందుకునేలా చేయండి. డీజే పెట్టొద్దు. పెడితే ఎవరూ పాడరు, అడుగులు మాత్రమే వేస్తారు.

వాడల సంగతి. మన చిన్న ఊళ్ళలో వాడ అంటే చాలాచోట్ల కులమే, దాన్ని దాచి మాట్లాడితే పని చెడుతుంది. ఏ గంప ఎవరిదో పెద్దమనుషులు కూర్చుని పంచితే పై గంప ఎవరికి పోతుందో అందరికీ ముందే తెలుసు. చీటీలు వేయండి. ఎంగిలిపూల అమావాస్య నాడు, ఆట అయ్యాక, అందరి ముందు, చిన్న పిల్లతో తీయించండి. కింది గంపకు 12 చదరపు అడుగులు, పై గంపకు ఐదున్నర. పని సమానం కాదు కాబట్టి చిన్న గంప వచ్చిన వాడ తాంబాలం, గుమ్మడాకులు, పసుపు, సద్దుల అన్నాలకు ఆకులు తేవాలి. పైన పెట్టే బతుకమ్మ ఏ ఒక్క వాడదీ కాదు. ఒక్కో వాడ నుంచి ఇద్దరు, ఎనిమిది మంది చెరువు దగ్గరే కూర్చుని పేర్చాలి, నాలుగు వాడల తంగేడూ అందులో పడాలి. ఆ ఎనిమిది మందిలో భర్త లేని వాళ్ళు ఉన్నా ఎవరూ అడ్డు చెప్పకూడదని చీటీల రోజే తేల్చుకోండి. సద్దుల నాడు ఆ మాట లేస్తే సర్దలేరు.

చెరువుకట్ట

గంపలు విడిగా తీసుకపోవడం అన్న ఆలోచన చాలా బాగుంది, అదే చేస్తం. చీటీల మాట వాడల్లో పెడత. రెండు చిన్న సందేహాలు మిగిలినయి. ఆ సమయానికి వాన పడితే? రాత్రి అయినంక గంపలు, పూలు ఏం చేయాలి?

వెదురుగంప

వానకు గునుగు చెడిపోదు, బరువెక్కుతుంది అంతే. చెడేది రంగు. ఎనిమిదో రోజే తడి తెల్లబట్టతో ఒక కట్టను గట్టిగా పట్టి చూడండి. బట్టకు బాగా అంటితే ఆ కట్టలు పై రెండు గంపలకు పెట్టకండి, కారిన రంగు కింది తెల్లగునుగు మీద చారలు పడుతుంది. ఎర్రవి కింది గంపలో, తెల్లవి పైన. వాన వస్తే కప్పడానికి నాలుగు కర్రల మీద టార్పాలిన్ ఎత్తి పట్టాలి, పూల మీద నేరుగా వేస్తే తీసేటప్పుడు కంకులన్నీ దానితో వస్తాయి.

ఇంకోటి, దీపాలు. ఆరిన గునుగు ఎండుగడ్డి లాంటిది, రవ్వ చాలు. దీపాలు, అగరొత్తులు పీటకు 3 అడుగుల అవతల. టపాకాయలు ఆ చుట్టుపక్కల అసలే వద్దు. రెండు బకెట్ల నీళ్ళు ఇసుక బస్తాల పక్కన పెట్టుకోండి.

గునుగుచేను

రాత్రి పని ఇలా. ముందు పై తాంబాలం దించాలి. గౌరమ్మను తీసి పక్కన పెట్టుకోండి, ఆ పసుపును పుస్తెలకు రాసుకోవడం, ఒకరికొకరు పెట్టుకోవడం ఉంటుంది కదా, హడావిడిలో గౌరమ్మ పూలతో పాటే నీళ్ళల్లో పడిపోతే చాలామంది నొచ్చుకుంటారు. మోకాలి లోతు కన్నా ముందుకు పోవద్దు. తాంబాలాన్ని నీటికి ఆనించి వంచితే పూలు వాటంతట అవే తేలిపోతాయి, విసరాల్సిన పని లేదు. ఖాళీ తాంబాలం ఇంటికి వస్తుంది. వాయినాలు, మలీద, సద్దులు ఆ తర్వాత, నీటి అంచుకు దూరంగా.

గంపల పూలు చెరువులో వేయకండి. నాలుగు గంపల పూలు ఒక మూలన కుళ్ళితే వారం పాటు ఆ ఒడ్డున వాసన, చేపలకూ ఇబ్బంది. మీ మున్సిపాలిటీ బతుకమ్మ ఘాట్ దగ్గర విడిగా తొట్టి కట్టి ఉంటే అందులో, లేకపోతే పెంటకుప్పకు. కట్టలకు పురికొసే వాడితే విప్పే పని లేదు, కొస కూడా మట్టిలో కలుస్తుంది. బంతి పూలలో కొన్ని తీసి ఎండబెట్టి ఉంచండి, వచ్చే ఏటికి గింజ మీదే అవుతుంది. జూన్ చివర్లో నాలుగు వాడల్లోనూ చల్లితే సద్దులకు పూత అందుతుంది.

గంపలను కడిగి, నీడన ఆరబెట్టి, వేపాకు పొగ పట్టించి దూలానికి వేలాడదీయండి. నేల మీద పెడితే చెద పడుతుంది. అడ్డకట్టెలు, చీలలు ఏ గంపవి ఆ గంపకే కట్టి ఉంచండి, విడదీస్తే వచ్చే ఏడాది సందు కుదరదు. ఒక్కో గంపను వేరే వాడలో దాచండి, ఈ ఏడాది దాన్ని పేర్చిన వాడలో కాదు. వచ్చే ఏడు దాచిన వాడదే ఆ గంప, మళ్ళీ చీటీ పని ఉండదు.